విరిగిన ఫ్లాంజికి సంజాయిషీ ఎవరివ్వాలి?

నూలు కొనడానికి పోయినవాడు దుకాణంలో నిలబడి "పది కిలోల నూలు ఇవ్వండి" అంటే అందరూ నవ్వుతారు. ఎన్నో నంబరు? 20 నంబరా, 40 నంబరా? కార్డెడా, కూంబ్డా? ఒంటి పోగా, రెండు పోగులు పేనిందా? పడుగుకా, పేకకా? ఇన్ని ప్రశ్నలకు జవాబు చెప్పనిదే మన సోలాపూర్‌లో గాని, భివండిలో గాని మూట విప్పరు. సాంచా మీద పని నేర్చుకుంటున్న పిల్లవాడికి కూడా ఈ తేడాలు తెలుసు. అదే మిల్లుకు బీము కొనేటప్పుడు మాత్రం ఆర్డరు కాగితంలో ఒక్క మాట ఉంటుంది: "అల్యూమినియం ఫ్లాంజి". ఏ అల్యూమినియం అని అడిగేవాడు లేడు. చెప్పేవాడు అసలే లేడు.

ఈ ఒక్క మాట వల్ల మన కార్మికుడొకడు చేతికి కట్టు వేసుకొని ఇంట్లో కూర్చున్నాడు. అంతటితో పోలేదు, విరిగిన ఫ్లాంజి ఖరీదు అతని జీతంలోంచి కోస్తామని నోటీసు కూడా వచ్చింది. అందుకే ఈసారి బోనసు సంగతి, డి.ఏ. సంగతి పక్కన పెట్టి లోహం గురించి రాస్తున్నాం. "ఇది ఇంజనీర్ల గొడవ, యూనియన్‌కు ఎందుకు?" అని మన కమిటీలోనే కొందరన్నారు. జీతం కోసేది ఇంజనీరుకైతే మేమూ ఊరుకునేవాళ్ళమే.

జరిగింది క్లుప్తంగా ఇది. మిల్లు పేరు రాయడం లేదు, విచారణ నడుస్తున్నది. వార్పింగ్ ఖాతాలో రాత్రి పాళీ. బీము నిండబోతున్న సమయంలో ఒక వైపు ఫ్లాంజి, అంటే పడుగు జారిపోకుండా బీముకు అటూ ఇటూ ఉండే పళ్ళెం, చప్పుడు చేసి విరిగింది. అరచేయంత ముక్క ఎగిరి వార్పరు ముంజేతికి తగిలింది. ఎముక విరిగింది. మర్నాడు పెద్ద సాహెబు వచ్చి చూసి తేల్చిన మాట: "ఈ ఫ్లాంజికి ఆరు నెలల కింద వెల్డింగ్ చేయించాం. వెల్డింగ్ గీత చెక్కుచెదరలేదు చూడండి. పక్కన విరిగింది. అంటే లోపం రిపేరులో లేదు, బీమును ఎక్కడో కింద పడేశారు." సంజాయిషీ నోటీసు ఆ సాయంత్రమే వచ్చింది.

మేము ఇంటికి వెళ్ళి అడిగితే అతను ఒకే మాట చెప్పాడు. "అన్నా, నేను బీము కింద ఏసి ఉంటే ఏసిన అని చెప్పేటోన్ని. ఎయ్యలేదు. నేను ఎక్కించేటప్పటికే అది నా చేతికి ఎట్లనో అనిపించింది, జాబర్‌కు చెప్పిన. నడువనియ్యి అన్నడు."

పెద్ద సాహెబు చూపించిన గుర్తు నిజమైనదే. వెల్డింగ్ గీత నిలిచింది, దాని పక్కన అంగుళం లోపల విరిగింది. ఆ గుర్తునే పట్టుకొని కార్మికుని మీద నేరం మోపారు. మేము చెప్పేది, ఆ గుర్తే కార్మికుని పక్షాన సాక్ష్యం చెబుతున్నదని. అది అర్థం కావాలంటే కాస్త ఓపిక పట్టి ఈ లోహం సంగతి తెలుసుకోవాలి.

పాకం సంగతి

కల్తీ లేని అల్యూమినియం చాలా మెత్తన. సగం ధరకు సంతలో దొరికే పల్చటి గిన్నెను బొటనవేలితో సొట్ట పెట్టవచ్చు. కాచి మెత్తబరచిన శుద్ధ అల్యూమినియం తీగను లాగితే చదరపు మిల్లీమీటరుకు సుమారు 9 కిలోల బరువుకే తెగిపోతుంది. మామూలు మైల్డ్ స్టీలు 40 కిలోల దాకా ఆగుతుంది. కనుక యంత్రాలకు శుద్ధ లోహం పనికిరాదు. అందులో రాగి, మాంగనీసు, సిలికాన్, మెగ్నీషియం, జింకు వంటివి కొద్ది కొద్దిగా కలుపుతారు. ఏది కలిపారన్న దాన్నిబట్టి నాలుగంకెల నంబరు ఇస్తారు. 1 తో మొదలైతే శుద్ధమైనది, 2 అయితే రాగి, 3 అయితే మాంగనీసు, 4 అయితే సిలికాన్, 5 అయితే మెగ్నీషియం, 6 అయితే మెగ్నీషియం సిలికాన్ రెండూ, 7 అయితే జింకు. మన నూలు నంబర్ల కన్నా కష్టమేమీ కాదు.

మన దేశంలో వర్క్‌షాపులవాళ్ళు పాత బ్రిటిష్ పేర్లే వాడతారు. హెచ్‌ఈ 9 అంటే 6063, కిటికీ చట్రాలది. హెచ్‌ఈ 20 అంటే 6061. హెచ్‌ఈ 30 అంటే 6082. పోత పోసేవాటికి ఎల్‌ఎం 6, ఎల్‌ఎం 24, ఎల్‌ఎం 25 అని వేరే పేర్లున్నాయి.

నంబరు సగం కథే. మిగతా సగం ఆ నంబరు వెనక గీత పెట్టి రాసే అక్షరంలో ఉంది. 6061-ఓ అంటే కాచి మెత్తబరచినది. 6061-టి6 అంటే గట్టిబరచినది. రెండూ ఒకే లోహం, ఒకే పాళ్ళు, ఒకే రంగు, ఒకే బరువు. కాని లాగి చూస్తే టి6 చదరపు మిల్లీమీటరుకు 30 కిలోల వరకు ఆగుతుంది. ఓ రకం అందులో సగం కూడా ఆగదు.

ఈ గట్టిదనం ఎక్కడినుంచి వస్తుంది? మన ఇళ్ళలో పాకం పట్టే ఆడవాళ్ళకు ఇది చెప్పకుండానే తెలుస్తుంది. వేడినీళ్ళలో చక్కెర బాగా కరుగుతుంది. మెల్లగా చల్లారనిస్తే అడుగున పెద్ద పెద్ద పలుకులు కడుతుంది. ఈ లోహమూ అంతే. 530 డిగ్రీల దాకా కాచితే లోపలి మెగ్నీషియం, సిలికాన్ అల్యూమినియంలో కరిగిపోతాయి. వెంటనే నీళ్ళలో ముంచితే పలుకు కట్టడానికి వ్యవధి లేక కరిగినవి కరిగినట్టే బిగుసుకుంటాయి. తరువాత 170 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు సన్నని సెగ పెడితే కంటికి కనపడనంత చిన్న రేణువులు లోహమంతటా సమంగా పుడతాయి. ఆ రేణువులే లోహాన్ని సాగనివ్వకుండా పట్టి ఉంచుతాయి. సెగ ఎక్కువైతే రేణువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై, సంఖ్య తగ్గి, పట్టు పోతుంది.

దీన్ని 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే శాస్త్రజ్ఞుడు రాగి కలిపిన అల్యూమినియంతో ప్రయోగాలు చేస్తూ కనిపెట్టాడు. కాచి ముంచిన ముక్కను కొద్దిరోజులు పక్కన పెట్టి మళ్ళీ కొలిస్తే మొదటికన్నా గట్టిగా కనిపించింది. విమానాలు ఆ లోహంతోనే పెద్దవయ్యాయి.

ఇప్పుడు వెల్డింగ్ దగ్గరకు వద్దాం. మన దగ్గర ఆర్గాన్ వెల్డింగ్ అంటారే, అదే. గీత దగ్గర లోహం 660 డిగ్రీలకు పైగా కాగి కరుగుతుంది. దాని పక్కన అంగుళం వెడల్పు మేర కరగదు గాని, 300, 400 డిగ్రీల సెగ తింటుంది. టి6 చేసేటప్పుడు గంటలకొద్దీ ఓపికగా పుట్టించిన సన్నని రేణువులు ఆ కొద్ది నిమిషాల్లో పెద్దవైపోతాయి. 6061-టి6 చదరపు మిల్లీమీటరుకు 30 కిలోలు ఆగేది, వెల్డింగ్ చేశాక అతుకు దగ్గర 17 కిలోలకు మించి లెక్కవేయరాదని ఇంజనీర్లే తమ పట్టికల్లో రాసుకున్నారు. అంటే బలంలో దాదాపు 40 శాతం పోయింది. వెల్డింగ్ గీత మాత్రం పైకి ఉబ్బి మందంగా ఉంటుంది కనుక అది నిలుస్తుంది. పక్కనున్న మెత్తబడిన పట్టీ విరుగుతుంది. తిరిగి మొత్తం ఫ్లాంజిని 530 డిగ్రీలకు కాచి, ముంచి, సెగ పెట్టితే బలం చాలావరకు వస్తుంది. కాని అంత పెద్ద పళ్ళెం అట్లా కాచి ముంచితే వంకర తిరుగుతుంది, మళ్ళీ లేతు మీద పెట్టి చెక్కాలి. మూలమీద ఉన్న వెల్డింగ్ దుకాణంలో అది జరగలేదని అందరికీ తెలుసు.

కనుక "గీత నిలిచింది, పక్కన విరిగింది" అన్నది రిపేరు మంచిదని చెప్పే సర్టిఫికెట్టు కాదు. గట్టిబరచిన అల్యూమినియాన్ని వెల్డింగ్ చేసి, తిరిగి గట్టిబరచకుండా భారం మోపితే విరగవలసిన చోటే విరిగింది. ఆ మిల్లు కేటలాగులో ఆ ఫ్లాంజి 6082-టి6 అని స్పష్టంగా అచ్చువేసి ఉంది. మేము చూశాం. 6061కి తోబుట్టువు అది, వెల్డింగ్ సెగకు దాని గతీ అంతే.

కింద పడితే కూడా విరగవచ్చు కదా అని యాజమాన్యం అడుగుతుంది. విరగవచ్చు. కాని పడిన బీముకు పడిన గుర్తుండాలి. అంచున సొట్ట, గీత, నలిగిన చోటు ఉండాలి. మా దగ్గరున్న ముక్క అంచు నున్నగా ఉంది.

తేలికైనది మనకు శత్రువు కాదు

మేము అల్యూమినియానికి వ్యతిరేకం అని ఎవరూ అనుకోవద్దు. ఇనుము ఒక ఘనపు సెంటీమీటరు 7.85 గ్రాములు తూగితే ఇది 2.7 గ్రాములు. ఇనుప ఫ్లాంజి 30 కిలోలుంటే అదే కొలతల అల్యూమినియంది 10 కిలోల పైచిలుకు. పాత ఇనుప బీములు ఎత్తి ఎత్తి నడుములు పడిపోయిన పెద్దలు మన బస్తీల్లో ఇంకా ఉన్నారు, వాళ్ళనడిగితే ఈ తేడా ఏమిటో చెబుతారు. షటిల్ లేని కొత్త సాంచాల్లో హీల్డు ఫ్రేములు నిమిషానికి కొన్ని వందల సార్లు పైకి కిందికి కొట్టుకుంటాయి. అవి అల్యూమినియం బోలు పట్టీలు కాకపోతే ఆ వేగమే లేదు. స్పీడ్ ఫ్రేము ఫ్లయర్లు కూడా ఇనుము వదిలి తేలిక లోహానికి మారాకే వేగం పెరిగింది.

తేలిక అనే గుణం ఒక్కటే చూసి కొంటే మిగతా గుణాలు ఊరుకోవు. మొదటిది, వంగడం. ఇనుముతో పోలిస్తే అల్యూమినియం మూడు రెట్లు సులభంగా వంగుతుంది. ఈ విషయంలో ఏ నంబరు లోహమైనా ఒకటే. చవక హెచ్‌ఈ 9 అయినా, ఖరీదైన 7075 అయినా వంగడంలో తేడా దాదాపు లేదు. విరిగే బలం వేరు, వంగే గుణం వేరు. పాత ఇనుప ఫ్లాంజిని కొలిచి అదే మందంలో అల్యూమినియంతో చేయిస్తే, నిండు బీము ఒత్తిడికి అది బయటికి వాలుతుంది. అంచు పోగులు ఆ సందులోకి దిగుతాయి. సాంచా మీదికి వచ్చాక అంచు పోగులు వదులై తెగుతూ ఉంటాయి. నేతగాడికి ఉత్పత్తి పడిపోతుంది, అంచు చెడిన తువ్వాలుకు కోత పడుతుంది. ఇన్నాళ్ళూ "అంచు సరిగా చూసుకోవు" అని తిట్లు తిన్నవాళ్ళు ఒకసారి ఖాళీ బీముకూ నిండు బీముకూ ఫ్లాంజిల మధ్య దూరం టేపుతో కొలిచి చూడండి. దీనికి మందు మందమే. మందం రెట్టింపయితే వంగడం ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. వెనక పక్కటెముకల్లాంటి పట్టీలు పోసినా చాలు. ఖరీదైన లోహం అక్కర్లేదు.

రెండోది, అలసట. మనిషికే కాదు, లోహానికీ అలసట ఉంది. ఇనుముకు ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దుకు లోబడి భారం వేస్తే ఎన్ని లక్షల సార్లయినా పనిచేస్తుంది. అల్యూమినియానికి అటువంటి స్పష్టమైన హద్దు లేదు. ఎంత చిన్న భారమైనా మళ్ళీ మళ్ళీ పడుతూ పోతే ఎప్పుడో ఒకప్పుడు పగులు మొదలవుతుంది. బీము నిండినప్పుడల్లా ఫ్లాంజి బయటికి వాలుతుంది, ఖాళీ అయినప్పుడల్లా వెనక్కి వస్తుంది. ప్రతి బీముకూ నంబరు కొట్టి, ఎన్నిసార్లు నిండిందో ఒక పుస్తకంలో రాస్తే గాని దాని వయసు తెలియదు. మిల్లుల్లో గుండుసూది దగ్గర్నుంచి లెక్క రాస్తారు, బీముల వయసు మాత్రం రాయరు.

మూడోది, వేగం. ఇక్కడ మన జీతపు చర్చ కూడా కలుస్తుంది. తిరిగే వస్తువు మీద పడే లాగుడు వేగంతో సమంగా పెరగదు, వేగాన్ని వేగంతో గుణించినట్టు పెరుగుతుంది. ఫ్లయరు వేగం 10 శాతం పెంచితే లాగుడు 21 శాతం పెరుగుతుంది. 20 శాతం పెంచితే 44 శాతం. యాజమాన్యం వచ్చి "వేగం కాస్త పెంచుతున్నాం, మీకేం భారం లేదు" అన్నప్పుడు మనం పని భారం గురించే వాదిస్తూ వచ్చాం. ఇకమీదట ఇంకో ప్రశ్న కూడా అడగాలి: ఈ వేగానికి ఈ ఫ్లయరు సరిపోతుందని చేసినవాడు రాసి ఇచ్చాడా?

ఫ్లయరు గురించే ఇంకో మాట. వంపు తిరిగిన ఫ్లయరు కాలును గ్యాస్ మంటతో కాచి సరిచేసే అలవాటు కొన్ని ఖాతాల్లో ఉంది. ఇనుమైతే కాగుతున్నప్పుడు ఎర్రబడి హెచ్చరిస్తుంది. అల్యూమినియం ఎర్రబడదు. చూడడానికి మామూలుగానే ఉంటుంది, లోపల పట్టు పోయి ఉంటుంది, ఇంకాస్త కాస్తే ఉన్నట్టుండి కారిపోతుంది. అట్లా కాచిన ఫ్లయరును నిమిషానికి వెయ్యికి పైగా తిప్పే యంత్రం ముందు మన ఆడపిల్లలు నిలబడుతున్నారు. ఈ పని చేసే ఫిట్టరు కూడా మనవాడే, అతనికి చెప్పవలసిన బాధ్యత మనదే.

ఇంకా కొన్ని సంగతులు వేగంగా చెబుతాం. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, తింటూ హైడ్రోజన్ వాయువు వదులుతుంది, అది నిప్పు తగిలితే మండుతుంది. మెర్సరైజింగ్ దగ్గర, బట్ట ఉడికించే చోట అల్యూమినియం బకెట్టు, చెంబు, నిచ్చెన ఏదీ పెట్టరాదు. నేత ఖాతాలో గాలి తేమ 80 శాతం దాకా ఉంచుతారు. ఆ తడిలో అల్యూమినియానికి ఉత్త ఇనుప బోల్టు బిగిస్తే రెండిటి మధ్య బ్యాటరీలో లాగా కరెంటు పుట్టి అల్యూమినియం తెల్లపొడిగా రాలుతుంది. గంజి ఉప్పు తగిలితే ఇంకా తొందరగా రాలుతుంది. జింకు పూసిన బోల్టు వేసి, మధ్య వాషరు పెట్టాలి. బోల్టు చుట్టూ తెల్లపొడి కనిపిస్తే తుడిచి ఊరుకోవద్దు, విప్పి చూడమనండి.

ఏ పనికి ఏది

ఈమధ్య సేల్స్‌మన్లు వచ్చి "విమానాల లోహం సార్, 7075" అని మేనేజర్ల కళ్ళకు మిరుమిట్లు గొలుపుతున్నారు. దాని బలం నిజమే, టి6లో చదరపు మిల్లీమీటరుకు 58 కిలోల దాకా ఆగుతుంది. కాని దాన్ని మామూలు ఆర్క్ వెల్డింగ్ చేస్తే అతుకు పగుళ్ళు బారుతుంది. తడి గాలిలో నిరంతరం లాగుడు మీద ఉంటే దానంతటదే పగిలే జబ్బు కూడా టి6 రకానికి ఉంది. మన తేమ ఖాతాలకు అది తగినది కాదని మా అభిప్రాయం. నైలాన్, పాలిస్టర్ పోగు చుట్టే వార్ప్ నిట్టింగ్ బీముల సంగతి వేరు. ఆ పోగు చుట్టిన తరువాత బిగుసుకొని బీమును అన్ని వైపులా నలిపేస్తుంది, అక్కడ బలమైన ఫోర్జింగు లోహమే కావాలి. పత్తి పడుగుకు 6061 గాని 6082 గాని టి6లో, ఫోర్జింగు చేసినది అయితే చాలును. పోత పోసినదే కావాలంటే ఎల్‌ఎం 25, అదీ కాచి గట్టిబరచినది, తీసుకోవాలి. యంత్రాల మీద మూతలకు, నడిచే పలకలకు, గాలి గొట్టాలకు 5052 రేకు మంచిది. అది కాచి గట్టిబరచేది కాదు, సాగదీసి గట్టిబరచేది. వెల్డింగ్ చేస్తే కొంత మెత్తబడినా మెగ్నీషియం వల్ల మిగిలే బలం ఆ పనికి సరిపోతుంది. తడికీ ఆగుతుంది.

అసలు భయం నంబరు ఉన్నవాటితో కాదు, నంబరు లేనివాటితో. తుక్కు కరిగించి పోసే కొలుముల్లో పాత కిటికీ చట్రాలు, గిన్నెలు, మోటారు పిస్టన్లు, కరెంటు తీగలు అన్నీ ఒకే మూసలో వేస్తారు. బోల్టులతో సహా వేస్తారు. ఆ ఇనుము కరిగి లోహంలో సూదుల్లాంటి పలుకులు కడుతుంది. ఆ సూదుల వెంబడే పగులు నడుస్తుంది. కరిగిన అల్యూమినియం గాలిలోని తేమ నుంచి హైడ్రోజన్ పీల్చుకుంటుంది, గట్టిపడేటప్పుడు దాన్ని వదిలేసి లోపల బుడగలు మిగులుస్తుంది. వాయువు తీసే మందు వేయని పోతలో సగం బుడగలే. పైన లేతు పట్టి మెరిపిస్తే అద్దంలా ఉంటుంది.

తుక్కు కరిగించడం తప్పని మేము అనడం లేదు. మన ఒడిశా సోదరులకు తెలుసు, దామన్‌జోడిలో మట్టి తీసి అంగుల్‌లో కరెంటు పెట్టి ఈ లోహం తీయడానికి ఎంత ఖర్చో. తుక్కు నుంచి తీస్తే అందులో 5 శాతం ఇంధనమే పడుతుంది. రకం వారీగా ఏరి, పాళ్ళు పరీక్షించి కరిగిస్తే అది కొత్త లోహానికి తీసిపోదు. పరీక్ష కాగితం లేకుండా కిలోల లెక్కన కొనడమే తప్పు. పోత లోహాలకు ఐ.ఎస్. 617 అని, కడ్డీలకు, సెక్షన్లకు ఐ.ఎస్. 733 అని, రేకులకు ఐ.ఎస్. 737 అని భారత ప్రమాణాలు ఉన్నాయి. కొనుగోలు కాగితంలో ఆ నంబరు, లోహం నంబరు, టి6 అన్న అక్షరం రాయడానికి అర గీటు సిరా చాలు.

మన వైపు తప్పులు లేవా? ఉన్నాయి. ఖాళీ బీమును సిమెంటు నేల మీద దొర్లించుకుంటూ పోతాం. ఫ్లాంజి బిగుసుకుంటే ఇనుప సుత్తితో కొడతాం. పగులు కనిపించినా, బీము ఆపితే పీసు రేటు పోతుందని నోరు మూసుకుంటాం. ఈ వార్పరు జాబర్‌కు చెప్పాడు, చెప్పి మళ్ళీ నడిపాడు. ఆ ఒక్క ముక్క మాకూ బాధగానే ఉంది. కాని ఆపితే ఆ రాత్రి కూలి ఎవరిస్తారన్నది తేల్చకుండా అతన్ని తప్పు పట్టలేం.

చిన్న సాంచాల యజమానుల్లో మనవాళ్ళే చాలామంది. నాలుగు సాంచాలు పెట్టుకొని జాబ్ వర్కు చేసేవాళ్ళు కొత్త ఫోర్జింగు బీములు ఎక్కడ కొంటారు అని అడుగుతారు. వాళ్ళకు మేము చెప్పేది: కొనలేకపోతే పాతదే వాడండి, కాని ఫ్లాంజికి వెల్డింగ్ మాత్రం చేయించవద్దు. ఎర్ర రంగు, తెల్ల పొడి డబ్బాలు రెండు దొరుకుతాయి. ఎర్ర రంగు పూసి, కాసేపుంచి తుడిచి, తెల్లది చల్లితే పగులు ఉన్నచోట ఎర్ర గీత తేలుతుంది. నలుగురు సాంచాలవాళ్ళు కలిసి ఒక జత డబ్బాలు తెచ్చుకుంటే ఎన్నో బీములు చూసుకోవచ్చు.

ఇక చట్టం. నష్టానికి జీతంలో కోత పెట్టాలంటే, ఆ నష్టం నేరుగా కార్మికుని నిర్లక్ష్యం వల్లనే జరిగి ఉండాలని, కోతకు ముందు అతను సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1936 నాటి వేతన చెల్లింపు చట్టం చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ మాటే ఉంది. కార్మికుడు తన భద్రతకు సంబంధించిన సమాచారం యాజమాన్యాన్ని అడిగి తీసుకునే హక్కు 1987లో ఫ్యాక్టరీల చట్టంలో చేర్చారు. 2020 భద్రతా కోడ్‌లోనూ అది ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన ఈ కోడ్‌ల మీద మన అభ్యంతరాలు మనకున్నాయి, అవి వేరే రాస్తాం. ఉన్నంతవరకు ఈ రెండు అంశాలనూ గట్టిగా పట్టుకోవాలి.

కనుక మా జవాబులో మూడు కాగితాలు అడిగాం. ఆ ఫ్లాంజి కొన్నప్పటి లోహపు సర్టిఫికెట్టు, వెల్డింగ్ బిల్లు, వెల్డింగ్ తరువాత తిరిగి కాచి గట్టిబరచినట్టు రుజువు. మూడోది వాళ్ళ దగ్గర లేదని మాకు తెలుసు. వెల్డింగ్ బిల్లు మీద "అతుకు చార్జీ" అని ఒక్క పంక్తే ఉందని ఆఫీసులో పనిచేసే ఒకాయన చెప్పాడు.

ఇటువంటి ప్రమాదం మీ ఖాతాలో జరిగితే విరిగిన ముక్కను పారేయనివ్వకండి. విరిగిన ముఖాన్ని రుద్దవద్దు, నూనె పూయవద్దు, రెండు ముక్కలను తిరిగి కలిపి చూడవద్దు. కలిపితే ఆ గరుకు నలిగి, పగులు ఎక్కడ మొదలైందో తెలియకుండా పోతుంది. పొడి బట్టలో చుట్టి, తేదీ, బీము నంబరు రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. పాత పగులు ఉన్నచోట మురికిపట్టి నల్లగా ఉంటుంది, అప్పుడే విరిగినచోట తెల్లగా మెరుస్తుంది. మా దగ్గరున్న ముక్కలో నల్లటి భాగం బొటనవేలంత ఉంది, అది వెల్డింగ్ గీత పక్కనే మొదలవుతున్నది.

ఆ ముక్కను తిరిగి ఇచ్చేయమని యాజమాన్యం రెండుసార్లు కబురు పంపింది. ఇస్తాం. కాని మిల్లు గేటు దగ్గర కాదు, ఇరు పక్షాలూ ఒప్పుకున్న పరీక్షశాలలో, రసీదు తీసుకొని ఇస్తాం అని రాతపూర్వకంగా జవాబు పంపాం. ఇది అచ్చుకు పోయే నాటికి వాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు.